ఖాలా దేగ్, మా కొట్టం బూడిద

మా అమ్మ నోట్లో నువ్వుగింజ నానదు. ఈ మాట గల్లీలో అందరూ అంటారు, అమ్మ కూడా ఒప్పుకుంటుంది, ఒప్పుకున్నానని మళ్లీ నలుగురికి చెప్పి వస్తుంది. బర్రెల్ని చూసుకునేది అమ్మ. క్యాన్లు స్కూటీకి కట్టుకుని ఫలక్‌నుమా గల్లీల్లో పాలు పోసి వచ్చేది నేను. పాలల్లో నీళ్లు కలిపారా అని ఎవరైనా అడిగితే, కలిపిన రోజున అమ్మ "ఇయ్యాల జర కలిపినం" అని చెప్పేసేది. ఆ విధంగా మా వ్యాపారం ఇష్టం లేకపోయినా నిజాయితీగా నడిచింది.

మా గోడకు అవతలి ఇల్లు ఖాలాది. ఖాలా అంటే పిన్ని. ఆమె మాకు చుట్టమేమీ కాదు, గల్లీ మొత్తానికీ ఖాలాయే. ఆమె మనవరాలూ నేనూ ఒకే బడిలో, ఒకే బెంచీ మీద చదువుకున్నాం. నేను ఆ ఇంట్లో ఆడుకునే రోజుల్లో ఖాలా నాకు నేర్పిన మొదటి పాఠం సాఫ్ వేరు, పాక్ వేరు అని. చెప్పులు చూపించి చెప్పేది. "గీ చెప్పులకు దుమ్మున్నది. సాఫ్ లేదు, గని పాక్. గా గిన్నె చూడు, అద్దమోలె మెరుస్తున్నది. దాన్ని కుక్క నాకిందనుకో, సాఫే, గని పాక్ కాదు." సబ్బుకు లొంగేది సాఫ్, నియమానికి లొంగేది పాక్ అని నాకప్పుడే అర్థమైంది. ఆమె ఇంట్లో బాత్‌రూమ్ చెప్పులు వేరు, వంటింటి చెప్పులు వేరు. నమాజు చాపకు మూడడుగుల దూరంలోకి నా తడి కాళ్లు వస్తే చాలు, ఆమె కళ్లజోడు దానంతటదే ముక్కు మీదికి జారేది.

ఇక మా ఇంట్లో ఒక కుక్క ఉండేది. మేము పెంచింది కాదు. కొట్టంలోకి వచ్చి, పాలవాసన పీల్చి, ఈ ఇల్లు బాగుందని తనే నిర్ణయించుకుంది. ఖాలా దానికి కోపంగా ఉన్నరోజున ఒక రొట్టె, మంచిగా ఉన్నరోజున రెండు రొట్టెలు గోడమీంచి విసిరేది. గడప మాత్రం దాటనిచ్చేది కాదు. కుక్కకు కూడా ఆ నియమం తెలుసు. గడప దగ్గరికి వెళ్లి, ముందరి కాళ్లు చాచి, ముక్కు సరిగ్గా గీతకు ఇవతల పెట్టి పడుకునేది.

నాలుగైదేళ్ల కింద ఖాలా మనవరాలికి పెళ్లి కుదిరింది. పెళ్లికొడుకు వాళ్లది బార్కస్. ఎప్పుడో అరబ్బు దేశం నుంచి నిజాం ఫౌజులోకి వచ్చిన వాళ్ల సంతతి, లుంగీలు కట్టుకుంటారు, మతాచారాల్లో షాఫయీ పద్ధతి పాటిస్తారు. మా గల్లీ వాళ్లంతా హనఫీలు. అల్లాహ్ ఒక్కడే, నమాజు ఒక్కటే, కానీ ఏది ఎట్లా కడగాలి అన్నదగ్గర కొన్ని తేడాలున్నాయని నాకు ఆ పెళ్లిలోనే తెలిసింది. తెలిసిన తీరు చెప్తాను.

ఖాలా ఇంట్లో విందులకు వండే పెద్ద రాగి దేగ్ ఒకటి ఉంది. నేను అందులో కూర్చుంటే తల మాత్రం బయటికి కనిపిస్తుంది, చిన్నప్పుడు కూర్చుని తన్నులు కూడా తిన్నాను. అది ఖాలా అత్తగారిది. ఖాలా కొడుకు పెళ్లి విందు అందులోనే వండారు. ఆ కొడుకు చాలా ఏళ్ల కిందటే పోయాడు. అతని కూతురి పెళ్లి బిర్యానీ కూడా ఆ దేగ్‌లోనే ఉడకాలని ఖాలా పట్టు. పెళ్లికొడుకు వాళ్లు మా వంటవాళ్లను మేమే తెచ్చుకుంటాం, మా దేగులూ ఉన్నాయి అన్నారు. ఖాలా వినలేదు. "వండేటోళ్లు మీరు తెచ్చుకోండ్రి, దేగ్ మాత్రం నాది" అని చెప్పి పంపింది. ఆమె ఎవరినీ ఏమీ అడిగే మనిషి కాదు. ఈ ఒక్కటి అడిగింది.

పెళ్లికి ముందురోజు ఖీర్ కోసం కోవా కాచాలి. గల్లీలో అంత పెద్ద పొయ్యి మా కొట్టంలోనే ఉంది కాబట్టి దేగ్ మా ఇంటికి వచ్చింది. పొద్దున్నంతా అమ్మ గరిటె తిప్పింది, నేను పిడకలు ఎగదోశాను. కోవా తీసి ఖాలాకు పంపాక అడుగున ఎర్రగా మాడు మిగిలింది. చల్లారాక గోకి తిందామని నేను ఆశపడ్డాను. అమ్మ బర్రెలకు నీళ్లు పెట్టడానికి పోయింది, నేను చేతులు కడుక్కోవడానికి పోయాను. తిరిగి వచ్చేసరికి దేగ్ పక్కకు ఒరిగి ఉంది, అందులోంచి ఒక తోక ఊగుతూ ఉంది.

తోక ఊపులో ఎక్కడా తప్పు చేసిన భయం లేదు. నా మాడు మొత్తం నాకేసింది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, చీపురు అందుకున్నాను, కానీ అది లోపల వెనక్కి తిరగలేక గింజుకుంటూ దేగ్‌ను కొట్టమంతా దొర్లించింది. బర్రెలు భయపడి తాళ్లు తెంపుకోబోయాయి. చివరికి అమ్మ దేగ్‌ను పట్టుకుంటే నేను దాని వెనక కాళ్లు పట్టి బయటికి లాగాను. మూతి నిండా కోవాతో మావైపు ప్రేమగా చూసింది.

ఇంకో ఇల్లాలైతే గమ్మున కడిగి పంపేది. అమ్మ కదా, చెంగు కూడా సర్దుకోకుండా ఖాలా ఇంటికి పరుగెత్తింది. "ఖాలా, కుక్క మూతిపెట్టింది దేగుల." ఖాలా కళ్లు మూసుకుని ఒక్క క్షణం ఏదో చదువుకుంది. తర్వాత అంది, "ఫికర్ జెయ్యకు బేటీ. మా దాంట్ల మూడుసార్లు మంచిగ కడిగితే పాక్ అయితది. కడుగు, మల్ల తే."

అమ్మకు మూడుసార్లు సరిపోలేదు. నియమానికి సరిపోయింది గానీ సిగ్గుకు సరిపోలేదు. మా కుక్క చేసిన పనికి దేగ్ కొత్త పెళ్లికూతురులా మెరవాలనుకుంది. అందుకని ముందు పిడకల బూడిద గుప్పెళ్లకు గుప్పెళ్లు తీసి, కొబ్బరిపీచుతో అరగంట తోమింది. పిడకల బూడిదకు మించిన తోముడు పొడి ఈ లోకంలో లేదని ఆమె నమ్మకం. ఆ తర్వాత మూడుసార్లు కడిగింది. ఇద్దరం చెరో చెవీ పట్టి ఖాలా వాకిట్లోకి మోసుకెళ్లేసరికి ఎండ పడి కళ్లు చెదిరాయి.

సరిగ్గా అప్పుడే వంట ఏర్పాట్లు చూసుకోవడానికి పెళ్లికొడుకు మేనమామ వచ్చాడు. తెల్ల గడ్డం, గళ్ల లుంగీ, చేతిలో జాంపండ్ల సంచి. అందరూ ఆయన్ని మామూ అంటారు. దేగ్ చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, "మాషా అల్లాహ్, ఎంత చమక్ వచ్చింది, దేంతోటి తోమిన్రు బహెన్?" అని అడిగాడు. అంతే, ఆ ప్రశ్న చాలు.

"పిడకల బూడిద భయ్యా," అంది అమ్మ సంబరంగా. "మా బర్రెల పెండే, మా చేతుల్తోటి కొట్టిన పిడకలే. పొద్దుగాల కుక్క తలకాయ పెట్టి నాకింది గదా, గందుకని ఎక్కువనే తోమిన."

జాంపండ్ల సంచి మామూ చేతిలోంచి జారలేదు కానీ జారాలా వద్దా అని ఆలోచించినట్టు కనిపించింది. నేను అమ్మ కాలు తొక్కాను. ఆలస్యమైపోయింది.

మామూ అరవలేదు, నిందించలేదు. చాలా మర్యాదగా, చాలా నెమ్మదిగా మాట్లాడాడు. నాకు దాంతో ఇంకా మండింది. "ఖాలా, మా షాఫయీలల్ల కుక్క మూతిపెడితే ఏడుసార్లు కడగాలె. అందుల ఒక్కసారి మట్టితోని. ఇగ బూడిద. పెండ నాపాక్. కాలినా దాని బూడిద నాపాకే మాకు."

"మా దాంట్ల కాలినంక అది పెండ కాదు, బూడిద," అంది ఖాలా. "రూపం మారితే హుకుం మారుతది."

"మీది మీకు సహీ ఖాలా. నేను తప్పనను. గని రేపు తినేటోళ్లు మావాళ్లు."

బూడిద గురించి ఖాలా ఇంకొక్క మాట కూడా పెంచలేదు. అంత తొందరగా వదిలేయడం ఆమె తత్వం కాదు. అప్పుడు నేను పట్టించుకోలేదు. అమ్మ మాత్రం విషయాన్ని సర్దుబాటు చేద్దామని ముందుకొచ్చి, "భయ్యా, మా ఇంట్ల పెండనీళ్లు చల్లితేనే వాకిలి శుద్ధి అయితది. లక్ష్మి వస్తది" అంది. ఖాలా నుదురు పట్టుకుంది. మామూ ఒక్కడుగు వెనక్కి వేసి, తను నిలబడిన చోటు ఎవరి వాకిలో ఒకసారి చూసుకున్నాడు.

ఇక ఆ దేగ్‌ను మామూ వద్దన్నట్టే అనుకున్నాం. టెంట్ హౌస్‌లో వేరే దేగులు దొరుకుతాయి, విందు ఆగదు. ఆగేది ఖాలా అడిగిన ఒకే ఒక్క కోరిక. ఆమె దేగ్ అంచును చెంగుతో తుడుస్తూ నిలబడింది. అమ్మ గోడ ఇవతలికి వచ్చి గడ్డివాము పక్కన కూర్చుని ఏడ్చింది. "నా నోరు పడిపోను. ఇన్నేండ్ల సంది ఒక్క ఇల్లోలె ఉన్నం. ఇగ ఖాలా నన్ను గడప తొక్కనిస్తదా? కుక్కతోటి పాటు నన్ను గూడ గీత ఇవతలనే పండుకొమ్మంటది." నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. నేను తిరిగి వెళ్లి మామూతో కొంచెం కోపంగానే అన్నాను, "ఏడుసార్లు కడుగుతం మామూ. మట్టి గూడ పెడతం. మట్టి ఏంది, ఎక్కడనన్న దొరుకుతది."

ఆయన ముఖం వికసించింది. "అయితే లొల్లే లేదు బేటీ. ఏడుసార్లు కడిగితే బూడిద గూడ పోతది. గని మట్టి పాక్ ఉండాలె."

ఇక్కడ మొదలైంది అసలు కథ. ఫలక్‌నుమాలో గుప్పెడు శుభ్రమైన మట్టి దొరకడం కన్నా బంగారం దొరకడం తేలిక. గల్లీలన్నీ సిమెంటు, వాకిళ్లన్నీ టైల్స్. మిగిలిన మట్టి మా కొట్టంలో ఉంది, దాని సంగతి చెప్పనక్కర్లేదు. నేను స్కూటీ మీద ముందు, మామూ తన పాత స్కూటర్ మీద వెనక, మట్టి వేటకు బయలుదేరాం.

స్టేషన్ దగ్గర పట్టాల పక్కన బోలెడు మట్టి. మామూ స్కూటర్ ఆపకుండానే ముక్కు మూసుకుని చెయ్యి ఊపాడు, పదపద అని. కొత్తగా కడుతున్న ఇంటి ముందు ఒక కుప్ప కనిపించింది, ఎర్రగా ముద్దొచ్చేలా ఉంది. దాని మీద మేకలు కట్టేసి ఉన్నాయి. మమ్మల్ని చూడగానే వాటిలో ఒకటి తన అభిప్రాయం అక్కడే వదిలింది. ఇంకో కుప్ప రాతిపొడి. దబీర్‌పురా దాకా పోయి మొక్కల నర్సరీలో అడిగాను. "మస్తు మంచి మట్టి అక్కా, సగం పశువుల ఎరువే" అన్నాడు నర్సరీ అతను గర్వంగా. ఖబ్రస్తాన్ గోడ పక్కనుంచి వస్తూ నేను ఆశగా చూశాను. తవ్వి తిరగేసిన గోరీల మట్టి కూడా పనికిరాదని మామూ చెప్పాడు.

"మామూ, మీ బార్కస్‌ల జామతోటలున్నయి గదా, అక్కడ మట్టి లేదా?"

"తోటలు ఇండ్లయినయి బేటీ. మిగిలినదాంట్ల పెంటెరువు లేకుంట జామచెట్టు కాస్తదా?"

ఆ ఎరువు మా కొట్టం నుంచే బండ్ల మీద పోతుందని నాకు నాలుక చివరిదాకా వచ్చింది. ఆయన తెచ్చిన జాంపండ్లు గుర్తొచ్చి మింగేశాను.

తిరిగి వస్తుంటే డ్రైనేజీ పొంగిన చోట ఒక బస్సు మా పక్కనుంచి దూసుకుపోయింది. నల్లనీళ్లు లేచి మామూ లుంగీ మీద మోకాళ్ల దాకా పడ్డాయి. ఇంక అయిపోయింది, ఈయన ఇప్పుడు మూసీలో మునిగినా పాక్ కాడు అనుకున్నాను. మామూ లుంగీ దులుపుకుని, "సడక్‌కా కీచడ్ మాఫ్ హై" అన్నాడు తాపీగా, రోడ్డు బురదకు మాఫీ ఉందని.

నాకు ఒళ్లు మండింది. "గీ మోరీ నీళ్లు మాఫ్, మా బూడిద మాఫ్ కాదా?"

ఆయన కోప్పడలేదు. "సడక్ మీద నడవకుంట ఎవరుంటరు బేటీ? తప్పించుకోలేనిది మాఫ్. తప్పించుకోగలిగితే తప్పించుకోవాలె. గంతే ఉన్నది." ఆ మాట నాకు నచ్చింది. నచ్చినట్టు ముఖంలో కనబడనివ్వలేదు.

ఉత్త చేతులతో ఖాలా ఇంటికి చేరాం. ఆమె దేగ్ పక్కనే పీట వేసుకుని కూర్చుని ఉంది, మా ఖాళీ చేతుల వైపు చూసింది. నేను మొహం చూపించలేక లోపలి గదిలోకి పోయాను. అక్కడ నా స్నేహితురాలు, పెళ్లికి ముందు పసుపు పూసే మంజె వేడుక బట్టల్లో, పసుపుపచ్చగా, పెళ్లిదాకా గది దాటకూడదన్న ఖైదులో కూర్చుని ఉంది. ఒక చెంపకు పూత పూసుకుంది, రెండో చెంప ఇంకా ఖాళీ. పూత పగులుతుందని పెదాలు కదపకుండా మాట్లాడుతోంది.

"ఏమైందే?"

"ఏం గాలే. మొత్తం తిరిగినం. గుప్పెడు మంచి మట్టి దొర్కలే."

 ఆమె వేలితో తన చెంప చూపించుకుంది. "మరి నా మొహం మీదున్నది ఏందే?"

ముల్తానీ మట్టి. అఫ్జల్‌గంజ్‌లో మూలికల దుకాణం నుంచి వాళ్ల పిన్ని కొని తెచ్చింది, ఉత్త గడ్డలు, ఇంట్లోనే దంచి జల్లెడ పట్టింది. పెద్ద డబ్బా నిండా ఉంది. నేను డబ్బా ఎత్తుకుని బయటికి ఉరికాను. మామూ చిటికెడు తీసి వేళ్ల మధ్య నలిపాడు, వాసన చూశాడు, అరచేతిలో ఊదితే దుమ్ము లేచిందా అని చూశాడు. "మట్టే. గులాబ్ జల్ కలిపిన్రా? నీళ్లే ఉండాలె, అత్తరు గిత్తరు నడవది."

పరదా అవతల నుంచి పెళ్లికూతురు, బిగించిన పళ్ల మధ్య నుంచి, "గులాబ్ జల్ సీసా అలగ్ ఉన్నది మామూ. గని నా ఇంకో చెంప?" అంది.

మామూ డబ్బాను చూశాడు, దేగ్‌ను చూశాడు. "నీకు ఇంకో డబ్బా కొనిస్త బేటీ" అని మొత్తం ఒంపేశాడు.

లుంగీ ఎగగట్టి ఆయనే తోమడానికి దిగాడు. అమ్మ కళ్లు తుడుచుకుని నీళ్లు పోసింది. మొదటిసారి మట్టినీళ్లు చిక్కగా కలిపి అంచు నుంచి అడుగు దాకా మూల మూలకూ పట్టించారు. తర్వాత ఉత్త నీళ్లు. అమ్మ నీళ్లు పోస్తూ తన బర్రెల ఈతల గురించి చెప్పడం మొదలుపెట్టింది, మామూ ఊకొట్టాడు, మధ్యలో లెక్క తప్పింది. ఐదా, ఆరా? అనుమానం వస్తే తక్కువదే లెక్క పెట్టాలని మామూ అన్నాడు. కాబట్టి ఐదు. నాకైతే ఆరని తెలుసు. మధ్యలో దూరితే మళ్లీ మొదటికొస్తుందేమోనని ఊరుకున్నాను. అట్లా ఆ దేగ్ ఎనిమిదిసార్లు స్నానం చేసి, చర్మం నిగనిగలాడుతూ, పాక్ అయ్యింది. ఖాలా లేచి వచ్చి దాని మీద చెయ్యి వేసింది. 

"చాయ్ తాగి పోండ్రి" అంది మామూతో.

చాయ్ ఇత్తడి కేతిలీలో వచ్చింది. ఆ కేతిలీ తళతళా మెరుస్తోంది. ఆ మెరుపు నాకు పుట్టినప్పటి నుంచి తెలుసు. ప్రతి శుక్రవారం మా గోడమీంచి ఖాలా ఇంటికి ఒక డబ్బా బూడిద పోతుంది. ఆ ఇంట్లో గిన్నె, గరిటె, పళ్లెం, ఆఖరికి నిశ్చితార్థం రోజున బార్కస్ వాళ్లంతా చుట్టూ కూర్చుని వేళ్లు నాకుతూ తిన్న పెద్ద పళ్లెం, తబక్ కూడా మా పిడకల బూడిదతో తోమిందే. ఖాలాకు అది పాకే, ఆమె ఏ తప్పూ చేయలేదు. కానీ బూడిద మాట దగ్గర ఆమె ఎందుకు వాదన పెంచలేదో నాకు ఇప్పుడు తెలిసింది. ఖాలా వైపు చూశాను. ఆమె పైకప్పు పగుళ్లను శ్రద్ధగా పరిశీలిస్తోంది.

అమ్మ కూడా కేతిలీని చూసింది. ఆమె కళ్లు పెద్దవయ్యాయి. పెదాలు విడిపోయాయి. నేను చెయ్యి గిల్లాలంటే మధ్యలో దేగ్ అడ్డం. అయిపోయింది, పొద్దున్నుంచి పడిన పాటంతా బూడిదలో పోసిన పన్నీరు అనుకున్నాను.

మామూ కప్పు నోటిదాకా తెచ్చి ఆపాడు. కేతిలీని చూశాడు. అమ్మ మొహం చూశాడు. మళ్లీ కేతిలీని చూశాడు. కప్పు దించలేదు, రెండో చెయ్యి పైకెత్తాడు.

"బహెన్. నేను మిమ్మల్ని ఏమన్న అడిగిన్నా?"

అమ్మ నోరు తెరిచే ఉంది. "లేదు భయ్యా."

"అడగనిది చెప్పొద్దు. తెల్వనిదంతా పాకే మాకు. ఇల్లిల్లు తిరిగి అడుగుమని ఎవరూ చెప్పలే." అని చాయ్ గటగటా తాగేసి, కప్పు ముందుకు చాపాడు. "ఇంకో కప్పు పొయ్యిండ్రి. మస్తుగున్నది."

అమ్మ నోరు మూసుకుంది. అంత కష్టమైన పని ఆమె చేయగా నేనెప్పుడూ చూడలేదు, చెంపలు ఎర్రబడ్డాయి. తర్వాత తనే కేతిలీ ఎత్తి ఆయనకు రెండో కప్పు పోసింది. ఆయన మీద పొద్దున్నుంచి నాకున్న కోపం ఎటు పోయిందో తెలియదు. ఆ మనిషి కాళ్లు మొక్కాలనిపించింది.

మర్నాడు బిర్యానీ ఆ దేగ్‌లోనే ఉడికింది. పెళ్లికూతురి కుడిచెంప ఎడమచెంప కన్నా కొంచెం ఎక్కువ మెరిసింది, పరదాలో ఎవరికీ తెలియలేదు. విందు అయ్యాక మామూ అమ్మ దగ్గరికి వచ్చి ఎముకలు కట్టిన సంచి ఒకటి ఇచ్చి, "కుక్కకు. గిన్నెల పెట్టకు బహెన్, నేల మీద పెట్టు" అన్నాడు. పోతూ పోతూ, మళ్లీ చాయ్‌కి వస్తానని ఖాలాతో చెప్పాడు. ఖాలా దేగ్ పక్కన కూర్చుని, అడుగున అంటుకున్న మాడు గోకి, ఒక పళ్లెంలో పెట్టి నా చేతికిచ్చింది. నిన్న నాకు దక్కనిది ఆమెకు గుర్తుంది.

ఇంటికి వస్తుంటే అమ్మ గోడ దగ్గర ఆగింది. ఆ కేతిలీ మాట ఆమె కడుపులో ఇంకా ఉడుకుతూనే ఉంది, నాకు తెలుస్తోంది.

"ఏమే, ఇంకెప్పుడన్న ఆయన అడిగితే చెప్పాల్నా?"

"అడిగితే చెప్పమ్మా."

"అడుగుతడంటవా?"

"అడగడమ్మా. మల్ల చాయ్‌కి వస్త అన్నడు గదా."